పెట్టెలో ఒకటి, బల్లమీద ఒకటి

"రెండూ సరిపోలడం లేదు" అని తెరమీద ఎర్రటి గుర్తు వచ్చినప్పుడు ఆస్ట్రిడా ముకూకాకు ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. ఒంటరిగా ఉండే ఆడమనిషి చుట్టాల ముందు అలమర తలుపు తీస్తే లోపలినుంచి ఎవరిదో మగ బూటు ఒకటి జారి కిందపడినట్టయింది. చుట్టూ చూసింది. అద్దం అవతల కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ మ్వాపే టీలో రొట్టె ముంచుకుంటున్నాడు. ఎవరూ చూడలేదు. అయినా కాసేపు అరచేయి తెరకు అడ్డం పెట్టి కూర్చుంది.

రాగిరాయిని పిండిచేసి నీళ్లలో తేల్చే ఆ మిల్లుకు బుర్ర రెండుచోట్ల ఉంటుంది. మోటార్ల గది చివర, ఎప్పుడూ చల్లగా ఉండే చిన్న గదిలో, తాళం వేసిన బీరువాలో ప్రాసెసర్ ఉంది. దాన్ని అందరూ పెట్టె అంటారు. ఏ పంపు ఎప్పుడు తిరగాలో, ఏ వాల్వు ఎంత తెరుచుకోవాలో అదే చెబుతుంది. ఆ పెట్టెకు పాఠం రాసిపెట్టేది ఆస్ట్రిడా ముందున్న కంప్యూటర్. దాన్ని బల్ల అంటారు. బల్లమీద రాసిన పాఠాన్ని పెట్టెలోకి దించుతారు. రెండుచోట్లా ఒకే పాఠం ఉండాలి. కానీ అవసరం ముంచుకొస్తే షిఫ్టు పెద్దలు పెట్టె తాళం తిప్పి, చిన్న కంప్యూటర్ తగిలించి, అక్కడికక్కడే ఏదైనా మార్చుకోవచ్చు. అప్పుడు బల్లకు ఆ సంగతి తెలియదు. అందుకే ఒక రూలు: తాళం తిప్పినవాళ్లు ఆస్ట్రిడాకు చెప్పాలి. ఆమె ఆ మార్పును పెట్టెలోంచి బల్లమీదికి తెచ్చి భద్రం చేస్తుంది.

ఆస్ట్రిడాకు తన గురించి ఉన్న అభిప్రాయాలు తక్కువే గాని, ఉన్నవి గట్టివి. అందగత్తెనని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. కలుపుగోలు మనిషినని అంతకన్నా అనుకోలేదు. తాను ఏదీ మరిచిపోదని, తన బల్లమీద ఉన్నదే ఆ మిల్లు అసలు రూపమని మాత్రం నమ్మేది. మిల్లులో జనం ఆమెను చాటుగా "అసలు కాపీ" అంటారు. ఆ పేరు పెట్టింది షిఫ్టు పెద్ద వైట్‌సన్ జేరే. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ పేరు ఆమెకు లోలోపల నచ్చింది కూడా. ఆ రెండోది మాత్రం ఇంకెవరికీ తెలియదు.

తేడా ఒక్కచోటే కనిపించింది. చిక్కటి రాతిబురదను తోడే రెండో పంపు. ఆ పంపు తిరగబోయే ముందు గొట్టంలోకి కాసేపు నీళ్లు వెళ్లాలి, అడుగున పేరుకున్న బురద కదలాలి, ఆ తర్వాత పంపు తిరగాలి. ఆ కాసేపు ఎంతసేపో ఆస్ట్రిడాయే ఎప్పుడో లెక్కవేసి రాసింది. ఇప్పుడు పెట్టెలో అది సగమే ఉంది.

మిల్లును మరమ్మతుకు ఆపి చాలా రోజులైంది. మళ్లీ తిప్పేది ఇవాళే, మధ్యాహ్నం.

"ఏమైంది మేడమ్? పొద్దుటినుంచి అదే తెర చూస్తున్నారు."

కొత్త మేనేజర్ లికాండో నమూషి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. పోయిన వానల్లో పడమటి రాష్ట్రంనుంచి బదిలీ అయి వచ్చాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకునే మనిషి. ఎవరితోనూ పరాచికాలాడడు, ఎవరితో ఆడవచ్చో ఇంకా తేల్చుకోలేదు.

"పెట్టెలో ఉన్నది, నా దగ్గర ఉన్నది ఒకటిగా లేవు సార్. రెండో పంపు దగ్గర."

"మీదే కదా అసలుది. కిందికి దించెయ్యండి."

"దించితే పెట్టెలో ఉన్నది చెరిగిపోతుంది. ఎందుకు మార్చారో తెలియకుండా చెరపడం..."

"ఎవరు మార్చారు?"

"కనుక్కుంటాను."

"మిల్లు తిప్పేలోపు నాకు పేరు కావాలి మేడమ్. మీకు చెప్పకుండా తాళం తిప్పినవాళ్లకి ఇక షిఫ్టు ఇవ్వను. నేను వచ్చిన రోజే చెప్పాను." చెప్పిన మాటకు తానే కాస్త ఇబ్బందిపడ్డట్టు గొంతు సవరించుకుని వెళ్లిపోయాడు.

తాళంచెవి ఉన్న షిఫ్టు పెద్దలు ముగ్గురు. ఇద్దరు పెట్టెను చూస్తేనే భయపడతారు. ఇంక మిగిలింది జేరే.

ఆస్ట్రిడా హెల్మెట్ పెట్టుకుని బురద తొట్టివైపు నడిచింది. నడుస్తూ ఉంటే అడుగుల్లో ఒక తొందర ఉందని తనకే తెలిసింది. నేరస్థుణ్ణి పట్టుకోబోయే మనిషి తొందర అది అనుకుంది. కొంతదూరం పోయాక, జేరే దగ్గరికి వెళ్లేటప్పుడు తాను ఎప్పుడూ ఇలాగే నడుస్తుందని గుర్తొచ్చి, అడుగు నెమ్మదించింది.

ఆమె బెంబా. అతను అంగోని. ఈ రెండు తెగలకూ పరాచికాల వరస. తాతముత్తాతలు ఈటెలతో పొడుచుకున్నారు గనక మనవలు మాటలతో పొడుచుకోవచ్చు. బెంబావాళ్లు కోతుల్ని తింటారని అతను అనవచ్చు, అంగోనివాళ్లు ఎలకల్ని తింటారని ఆమె అనవచ్చు. ఒకరి పళ్లెంలో చేప ముక్క ఇంకొకరు లాక్కోవచ్చు. కోపం తెచ్చుకోవడానికి మాత్రం వీల్లేదు. తెచ్చుకున్నవాళ్లు ఓడిపోయినట్టు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరితోనూ నోరు విప్పని ఆస్ట్రిడాతో మొదట మాట్లాడింది జేరేయే. "ఈ బెంబా పిల్లకి నోట్లో కోతి తోక అడ్డంపడ్డట్టుంది" అన్నాడు. ఆమె ఠక్కున బదులిచ్చింది. తన గొంతులో అంత చురుకు ఉందని అంతవరకు ఆమెకే తెలియదు. అప్పటినుంచి అదే నడుస్తోంది. ఇంట్లో ఒక్కతే అన్నం వండుకుంటూ రేపు అతన్ని ఏమనాలా అని ఆలోచించి, మంచి మాట తడితే పొయ్యి ముందు నవ్వుకుంటుంది. అతను తనతో ఇలా ఉండేది వరసకోసమా, తనకోసమా అన్న ప్రశ్నను మాత్రం ఎప్పుడూ పూర్తిగా వేసుకోలేదు. వరస ఉన్నచోట ఆ ప్రశ్న అక్కర్లేదు. అదే ఆమెకు అందులో ఉన్న హాయి. అప్పుడప్పుడు గుచ్చుకునేది కూడా అదే.

జేరే తొట్టిమీది వంతెనపైన కమ్మీకి ఆనుకుని కిందికి చూస్తున్నాడు. కణతల దగ్గర నెరిసిన జుట్టు హెల్మెట్ కిందనుంచి తొంగిచూస్తోంది.

"ఏంటి ముబెంబా, ఇంత ఎండలో? నిన్నెవరన్నా తరుముతున్నారా?"

"తరమడం మావాళ్ల పని, పరుగెత్తడం మీవాళ్ల పని. మీ చిపాటాలో పోయి పడేదాకా మీరు ఆగలేదు. రెండో పంపు ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. "నువ్వా?"

"నేనే. చెప్పానుగా."

"ఎవరికి?"

"నీకే. అసలు కాపీకి."

"ఎప్పుడు చెప్పావయ్యా మహానుభావా?"

"మీ పిన్ని పోయినప్పుడు. కసామాకి ఫోన్ చెయ్యలేదూ?"

"అది పరామర్శ!"

"పరామర్శలోనే చెప్పాను. నువ్వు నవ్వావు కూడా. నవ్వావు కదా, విన్నావనుకున్నాను."

"నవ్వితే విన్నట్టా?"

"మా ఆడవాళ్లు విన్నాకే నవ్వుతారు. మీవాళ్ల పద్ధతి నాకేం తెలుసు, ముక్వాయ్." బెంబావాళ్లు మర్యాదకోసం మాట మాటకీ తగిలించే ముక్వాయ్‌ని అతను సాగదీసి అన్నాడు.

"నవ్వకు జేరే. నమూషి పేరు అడుగుతున్నాడు. నాకు చెప్పకుండా తాళం తిప్పినవాళ్లకి షిఫ్టు తీసేస్తానంటున్నాడు."

అతని మొహంలో నవ్వు అక్కడే ఉంది గాని, దాని వెనక మనిషి లేచి వెళ్లిపోయినట్టయింది. కింద తొట్టిలో బురద అడుగున కూర్చుని, పైన నీళ్లు తేటగా ఉన్నాయి. కాసేపు ఆ నీళ్లనే చూశాడు.

"నేను చెప్పాను, ఆస్ట్రిడా."

ఇన్నేళ్లలో అతను ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆమె వెనక్కి తిరిగి వంతెన దిగింది.

బల్ల దగ్గరికి పోకుండా పెట్టె ఉన్న చల్లగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అక్కడ చిన్న చిన్న పచ్చదీపాలు మిణుకుమంటాయి తప్ప పలకరించేవాళ్లుండరు. కసామాలో పిన్ని ఇంటిని గుర్తు తెచ్చుకుంది. చాపలమీద ఆడవాళ్లు, బయట నెగడు చుట్టూ మగవాళ్లు. బెంబావాళ్ల చావింటికి అంగోనివాళ్లు వచ్చి, ఏడ్చేవాళ్లను వెక్కిరించి, కుండలోంచి కూర ఎత్తుకుపోయి, ఎలాగైనా నవ్వించాలి. అది వాళ్ల బాధ్యత. ఆ వీధిలో అంగోనివాళ్లెవరూ లేరు. ఆ లోటు తీర్చడానికన్నట్టు జేరే ఫోన్ చేశాడు.

"ఏడుస్తున్నావా, కోతికూర వరసలో నిలబడ్డావా? ఏడువు, ఏడువు. ఇక్కడ నీ రెండో పంపు నీళ్లు తాగుతూ నిలబడితే తొట్టి పొంగి బురదంతా నా బూట్లలోకి వచ్చింది. బెంబా పంపు కదా, తిండికి ముందు ప్రార్థన మరీ ఎక్కువ. సగానికి కోసేశాను. వచ్చి కొడితే కొట్టు. త్వరగా రా. తిట్టేవాళ్లు లేక నోరు తుప్పుపట్టిపోయింది. నువ్వు లేక ఈ గది నాకు గదిలా లేదు."

ఆమె ఒంటికి చుట్టుకున్న చితెంగే గుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెద్దమ్మలు మొదట గుర్రుగా చూసి, అంగోనివాడి ఫోనని తెలిశాక వాళ్లూ నవ్వారు.

అంతా గుర్తుంది. ఆఖరి మాటయితే మరీను. ఆ ఆఖరి మాటను ఆమె కసామానుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. అన్నం తింటున్నప్పుడు, బట్టలు ఉతుకుతున్నప్పుడు, దీపం ఆర్పాక, దాన్ని బయటికి తీసి చూసుకునేది. ఇది పరాచికమా, కాదా? ఆ మాట అన్నప్పుడు అతని గొంతు కొద్దిగా దిగిందా, లేక లైను సరిగ్గా లేదా? ఇన్నిసార్లు తీసి చూసిన మనిషికి, దాని పక్కనే, అదే ఊపిరిలో వచ్చిన పంపు మాట ఒక్కసారీ కనిపించలేదు. కసామానుంచి వచ్చాక పెట్టెను, బల్లను పోల్చి చూడనూ లేదు. తన బల్లను తాను అనుమానించే అలవాటు ఆమెకు లేదు.

ఏదీ మరిచిపోని మనిషి! ఆస్ట్రిడాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో భయమేసింది.

అతను అన్నదంతా చావింటి వేళాకోళమే అని నమూషికి చెప్పవచ్చు. చూడబోతే అది అబద్ధం కూడా కాదు. కోతికూర మధ్య వచ్చిన మాటను ఎవరు నిజమనుకుంటారు? అప్పుడు జేరే షిఫ్టు పోతుంది, ఆమె బల్ల మాత్రం మచ్చ లేకుండా ఉంటుంది. దాంతోపాటు ఆ ఆఖరి మాట కూడా వేళాకోళమే అయిపోతుంది. ఇక దీపం ఆర్పాక దాన్ని బయటికి తీసి చూసుకోనక్కర్లేదు. తనలో ఎవరో ఇదే కోరుకుంటున్నారని ఆమె గమనించింది. ఆ ఎవరో చాలా పద్ధతి గల మనిషి. ఒంటరిగా ఉండడానికి బాగా అలవాటుపడ్డ మనిషి.

లేదా, అతను పంపు గురించి చెప్పింది నిజంగానే చెప్పాడు. అలాగైతే తప్పు తనది. అదొక్కటే అయితే భరించవచ్చు. కానీ ఒకే ఊపిరిలో ఒక మాట నిజమూ, దాని పక్కమాట ఆటా అని తాను ఏ లెక్కన విడదీయగలదు?

పచ్చదీపాలు ఆమెవైపు చూడకుండా మిణుకుమంటూనే ఉన్నాయి. తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

ముందు పెట్టెలో ఉన్నదాన్ని బల్లమీదికి తెచ్చుకుని వేరే పేరుతో దాచింది. తన పాత ప్రతిని ఇంకో పేరుతో దాచింది. ఇప్పుడిక ఏదీ చెరిగిపోదు. అప్పుడు వైర్‌లెస్‌లో జేరేను పిలిచింది.

అతను వచ్చి ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెరమీద రెండు పాఠాలూ పక్కపక్కనే ఉన్నాయి.

"నీ లెక్క ప్రకారం తిప్పితే ఇవాళ బెల్టులు కాలిపోతాయి" అంది ఆస్ట్రిడా. "గొట్టంలో బురద ఇన్నాళ్లు కదల్లేదు. రాయిలా ఉంటుంది."

"ఇవాళ నిజమే. కానీ మిల్లు నడుస్తున్నప్పుడు పంపు ఊరికే కాసేపు ఆగి మళ్లీ తిరగాల్సొస్తే నీ లెక్క పనికిరాదు. గొట్టం శుభ్రంగానే ఉంటుంది. నీళ్లు పోసి పోసి తొట్టి పొంగుతుంది. నేను ఆ బురదలో నిలబడ్డాను."

"అది నేను ఆలోచించలేదు."

"నేను ఇవాళ్టి సంగతి ఆలోచించలేదు. మిల్లు ఇన్నాళ్లు ఆపుతారని అప్పుడు తెలీదు."

"ఎంతసేపు ఆగిందో చూసి, దాన్నిబట్టి నీళ్లు పొయ్యమందాం. ఎక్కువసేపు ఆగితే నా లెక్క. తక్కువ ఆగితే నీది."

"పెట్టెకు ఆ తెలివి ఉందా?"

"రాస్తే ఉంటుంది."

ఆమె రాసింది, అతను ఒక్కొక్క వరసా చదివాడు. ఒకచోట గీత తప్పు పడితే వేలుతో చూపించాడు, ఆమె దిద్దింది. మ్వాపే అద్దం అవతలినుంచి రెండుసార్లు తొంగిచూశాడు. చివరికి తలుపు తీశాడు.

"అమ్మా, ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు. ఏం?"

"ఇంతసేపట్నుంచి మీరిద్దరూ తిట్టుకోవడం లేదు. ఏదో అయ్యుంటుందని మేమంతా భయపడుతున్నాం."

"పో, టీ తాగు" అన్నాడు జేరే. మ్వాపే కొంత ధైర్యం చిక్కినట్టు తలుపు మూశాడు.

కొత్త పాఠాన్ని పెట్టెలోకి దించారు. తెర కాసేపు ఆలోచించి ఎర్రగుర్తు తీసేసింది. పెట్టె, బల్ల ఒకటయ్యాయి. అప్పుడే నమూషి వచ్చాడు.

"సరిపోయాయా మేడమ్? మరి పేరు?"

"జేరే మార్చాడు సార్" అంది ఆస్ట్రిడా. పక్కన కుర్చీ కిర్రుమంది. "నాకు చెప్పాడు. నేనే భద్రం చెయ్యలేదు. వచ్చాక పోల్చి చూడలేదు కూడా. తప్పు నాది."

నమూషి అపనమ్మకంగా చూశాడు. ఆమె తప్పు చేయగలదని అతనికి ఎవరూ చెప్పలేదు. "ఎలా చెప్పారు?"

"ఫోన్లో. నేను కసామాలో ఉన్నాను, మా పిన్ని పోయింది."

"ఏమని చెప్పారు? ప్రతి మాటా కావాలి నాకు. ఎవరినో కాపాడడానికి చెబుతున్నారని రేపు ఎవరూ అనకూడదు."

ఆస్ట్రిడా జేరేవైపు చూసింది. అతను నేలవైపు చూస్తున్నాడు. గొంతు సర్దుకుని, మీటింగులో నివేదిక చదివేటప్పటి గొంతుతో మొదలుపెట్టింది.

"ఏడుస్తున్నావా, కోతికూర వరసలో నిలబడ్డావా అన్నాడు సార్."

"ఏ కూర?"

"కోతి సార్. తర్వాత, రెండో పంపు నీళ్లు ఎక్కువ తాగుతోంది, తొట్టి పొంగి తన బూట్లలోకి వచ్చింది అన్నాడు. బెంబా పంపుకు తిండికి ముందు ప్రార్థన ఎక్కువని, సగానికి కోసేశానని చెప్పాడు. వచ్చి కొడితే కొట్టమన్నాడు."

"ఇది రిపోర్టా?" అన్నాడు నమూషి.

"అవును సార్. పంపు నంబరు ఉంది. ఏం మార్చాడో ఉంది. ఎందుకు మార్చాడో ఉంది. అన్నీ ఉన్నాయి. నేను నవ్వేసి ఊరుకున్నాను."

"అంతేనా, ఇంకేమైనా చెప్పారా?"

జేరే తల ఎత్తాడు.

"ఇంకోటి చెప్పాడు సార్. అది పంపు గురించి కాదు."

నమూషి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పై గుండీ ఒకటి విప్పుకున్నాడు. "మా పడమటివాళ్లకు టోంగా తెగవాళ్లతో ఉంది ఇలాంటి వరస. మేం కూడా నోటికొచ్చినవన్నీ అనుకుంటాం. కాని యంత్రాల దగ్గర ఆపుతాం." కాస్త ఆగి, "ఆపాలి" అన్నాడు, తనకేదో గుర్తొచ్చినట్టు. "ఇకమీద ఏం మార్చినా నాకు కూడా చెప్పండి మిస్టర్ జేరే. నేను మీకెవరికీ ఏ వరసా కాను. నాతో చెప్పేటప్పుడు కోతులు అక్కర్లేదు."

"అలాగే సార్."

"మేడమ్, మీకు హెచ్చరిక కాయితం ఇవ్వాల్సి వస్తుంది."

"ఇవ్వండి సార్."

"సార్, అది..." జేరే లేవబోయాడు.

"కూర్చో ముంగోనీ" అంది ఆస్ట్రిడా. "నా కాయితం నాది. అందులో కూడా చెయ్యి పెడతావా?"

నమూషి వెళ్లేముందు తలుపు దగ్గర నవ్వు ఆపుకోవడం ఇద్దరూ చూశారు.

మధ్యాహ్నం మిల్లు తిప్పేటప్పుడు ఇద్దరూ రెండో పంపు దగ్గర నిలబడ్డారు. గొట్టంలోకి నీళ్లు పోతున్న చప్పుడు. తొందరపడకుండా పోతున్నాయి. లోపల ఏదో గట్టిగా కదిలి, దొర్లి, వదులైంది. అప్పుడు పంపు తిరగడం మొదలుపెట్టింది. బెల్టులు అరవలేదు. జేరే బెల్టుకు కప్పిన రేకు మీద అరచేయి ఆనించి అదురు చూశాడు. బాగుందన్నట్టు తల ఊపాడు. పంపు హోరులో మాట వినబడాలంటే దగ్గరగా నిలబడాలి.

"ఆదివారం మా అక్క వస్తోంది చిపాటా నుంచి" అన్నాడు. "మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి రా."

ఆమె అతని మొహంలో కొంటెతనంకోసం వెతికింది. కళ్ల చివర్లలో ఎప్పుడూ ఉండే ఆ ముడతలు ఇప్పుడు చదునుగా ఉన్నాయి. గొంతు దిగిందా లేదా అని ఈసారి లైను మీద నెపం పెట్టడానికి లేదు.

"ఎందుకూ, ఎలకలు ఎక్కువయ్యాయా మీ ఇంట్లో?"

అనేసింది. అంతసేపు తాను వెతికినదాన్నే, అది దొరక్కపోయేసరికి తానే పెట్టింది. అతను నవ్వాడు, ఎందుకంటే నవ్వాలి కనక. కోపం తెచ్చుకోవడానికి అతనికీ వీల్లేదు. కానీ భుజాలు కొద్దిగా దిగాయి. ఇన్నేళ్లలో తాను ఎన్నిసార్లు ఆ భుజాలు దించిందో, అటు చూడకుండా ఎన్నిసార్లు నవ్వుతూ వెళ్లిపోయిందో అని ఆస్ట్రిడాకు మొదటిసారి తోచింది.

"వస్తాను" అంది.

పంపు హోరులో అతనికి వినబడలేదేమోనని ఇంకా దగ్గరికి జరిగింది. "జేరే, వస్తాను. నాకు రావాలని ఉంది."

"సరే" అన్నాడు జేరే.

వాళ్ల పరాచికాల వరసలో ఆ పైన అనడానికి మాట లేదు. అతను ఒత్తిడి చూపించే గడియారం వైపు తిరిగి ముల్లును చూడసాగాడు. ఆమె కూడా చూసింది. ముల్లు ఉండాల్సిన చోటే కదలకుండా ఉంది. అయినా ఇద్దరూ చాలాసేపు అలా దాన్నే చూస్తూ నిలబడ్డారు.